గవర్నరు రాని ఊరు

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ట్రియెస్తే నగరం మీద వేసిన ఊహా చరిత్ర చదివాను. 1954లో లండన్‌లో ఊరిని ఇటలీకి అప్పగించే ఒప్పందం కుదరకపోయి ఉంటే, ఇటలీకీ యుగోస్లావియాకీ మధ్య నలిగిన ఆ రేవుపట్నం సొంత దేశంగా నిలబడి, ఈపాటికి యూరప్‌కి సింగపూర్ అయ్యుండేదని మీ రచయిత రాశారు. చదవడానికి బాగుంది. మా మనవడైతే అదంతా నిజంగానే జరిగిందనుకుని నాకు కథ చెప్పాడు. అక్కడే నాకు చెయ్యి దురద పుట్టింది.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టర్‌గా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. రైల్లో మెయిల్ వ్యాన్‌లో నిలబడి రాత్రంతా ఉత్తరాలు పావురాల గూళ్ళ లాంటి అరల్లో వేసేవాళ్ళం. ఒక ఊరి పేరు మారినా, జిల్లా మారినా ఆ తిప్పలు ముందు మాకే. స్టాంపుల పిచ్చి కూడా ఆ వ్యాన్‌లోనే అంటుకుంది. తోటివాళ్ళు పక్షులవీ రైళ్ళవీ కూడబెడితే, నేను ఇప్పుడు లేని దేశాలవి, పోయిన ప్రభుత్వాలవి కూడబెట్టాను. అందులో ట్రియెస్తేకి ఒక పేజీ ఉంది. ఆ పేజీ ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

పేజీలో మొదటిది ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ తల. దాని మీద ట్రియెస్తే పోస్టాఫీసు ముద్ర సగం కనబడుతుంది. తర్వాత ఇటలీ రాజు. ఆ తర్వాత ఇటలీ స్టాంపుల మీదే నల్లసిరాతో ఎ.ఎం.జి., వి.జి. అని అచ్చు. మొదటిది మిత్రరాజ్యాల సైనిక ప్రభుత్వం, రెండోది వెనెత్సియా జూలియా అనే ఆ ప్రాంతం పేరు. 1945లో మిత్రరాజ్యాల సైన్యం ఆ ప్రాంతాన్ని పాలించినప్పటివి అవి. 1947 సెప్టెంబరు నుంచి పైవరసలో ఎ.ఎం.జి., కిందివరసలో ఎఫ్.టి.టి. ఈ రెండోది ఫ్రీ టెరిటరీ ఆఫ్ ట్రియెస్తే, అంటే స్వేచ్ఛా ప్రాంతం. నా దగ్గరున్నదాని మీద బొమ్మ, నేలలో చిన్న మొక్క నాటుతున్న చేతులు. యుద్ధం ముగిశాక కొత్త ఇటలీ తన కోసం వేసుకున్న బొమ్మ అది. ఆ మొక్క మీదుగా ఆరు నల్ల అక్షరాలు కొట్టేశారు. భూతద్దం పెట్టి చూస్తే ఒక చుక్క సరిగ్గా పడలేదు కూడా.

ఈ స్వేచ్ఛా ప్రాంతం 'ఏడేళ్ళు దేశంగా బతికింది' అన్నారు మీ రచయిత. నా మొదటి తగాదా అక్కడే. ఉత్తరానికి అంటించే స్టాంపు కూడా పక్కవాళ్ళ కాగితం మీద రబ్బరు ముద్రలా కొట్టించుకున్న ఊరు అది. ఒక్కరోజు కూడా దేశంగా బతకలేదు.

1947 ఫిబ్రవరి 10న పారిస్‌లో ఇటలీతో శాంతి సంధి జరిగింది. సంతకాలు పెట్టిన దేశాల్లో మనదీ ఉంది, స్వాతంత్ర్యానికి ఇంకా ఆర్నెల్లుండగా. ట్రియెస్తేనీ, దాని కింద ఇస్త్రియా తీరంలో కొంత ముక్కనీ కలిపి 738 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత తాలూకా ఒకటి అనుకోండి, ఎవరికీ ఇవ్వకుండా ఐక్యరాజ్యసమితి పూచీ మీద పెట్టారు. దానికి భద్రతా మండలి ఒక గవర్నరును వేయాలి. ఆయన ఇటలీవాడు కాకూడదు, యుగోస్లావియావాడు కాకూడదు, ఆ ఊరివాడు కూడా కాకూడదు. పదవి ఐదేళ్ళు, జీతం సమితి ఇస్తుంది. అన్నీ రాసుకున్నారు. మనిషిని మాత్రం వేయలేదు. ఒకరు చెప్పిన పేరు ఇంకొకరికి నచ్చలేదు. 1949లో స్విట్జర్లాండ్‌కు చెందిన కల్నల్ ఫ్లూకిగర్ పేరును సోవియట్ యూనియన్ పట్టుబట్టి తెస్తే, అమెరికా, బ్రిటన్ కాదన్నాయి. గవర్నరు వచ్చేదాకా అని చెప్పి ఉత్తరాన జోన్ ఎ, అంటే ఊరూ రేవూ ఉన్న భాగాన్ని బ్రిటిష్, అమెరికన్ సైన్యాలు ఏలాయి. దక్షిణాన జోన్ బి యుగోస్లావియా సైన్యం చేతిలో ఉంది. ఆ కుర్చీ చివరిదాకా ఖాళీయే. అడ్రసు రాసి, స్టాంపు అంటించి, డబ్బాలో వేయడం మరిచిపోయిన కవరు లాంటిది ఆ సంధి.

కాబట్టి చరిత్రను మలుపు తిప్పదలచుకుంటే 1954లో లండన్‌లో తిప్పి లాభం లేదు. అప్పటికి అంతా అయిపోయింది. తిప్పాల్సింది 1948 మార్చిలో. ఏప్రిల్ 18న ఇటలీలో ఎన్నికలు, కమ్యూనిస్టులు గెలుస్తారేమోనని పాశ్చాత్య దేశాలకు టెన్షన్. అందుకని మార్చి 20న అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి స్వేచ్ఛా ప్రాంతం మొత్తం ఇటలీకే ఇచ్చేయాలని ప్రకటించాయి. సంధి అమల్లోకి వచ్చి ఆర్నెల్లే. మూడు నెలలు దాటాక, జూన్ 28న, యుగోస్లావియా నాయకుడు టిటోకీ స్టాలిన్‌కీ చెడిన సంగతి బయటపడింది. అంతవరకు రష్యా చేతికర్ర అనుకున్న యుగోస్లావియాను అప్పట్నుంచి మంచి చేసుకోవాల్సి వచ్చింది. ఆ తగువు మార్చికి ముందే బయటపడి ఉంటే ఆ ప్రకటన అంత ధారాళంగా వచ్చేదా, కల్నల్‌గారు రైలెక్కేవారేమో కదా అని నాకు అనుమానం. మీ రచయిత ఈ మూడు నెలల సంగతి ఎత్తనే లేదు. ఊహా చరిత్రలో అసలు రుచి అక్కడుంది.

ఈ 'అయి ఉంటే' ఆట మా ఇంట్లో పాతదేలెండి. మా నాన్న కుర్రతనంలో మద్రాసులో ఒక అచ్చాఫీసులో కంపోజిటర్. 'మద్రాసు మనదే' అని ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచినవాడు. 1953 అక్టోబరు 1న మద్రాసు లేకుండానే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ఆయన కాకినాడ వచ్చేశాడు. వేసవి రాత్రుళ్ళు డాబా మీద మంచం వేసుకుని, మద్రాసు మనకు ఇచ్చి ఉంటే హైకోర్టు ఇలా ఉండేది, హార్బర్ అలా ఉండేది అని గంటలు గంటలు చెప్పేవాడు. మా అమ్మ ఒకసారి విసనకర్ర ఊపుతూ అడిగింది: "అదంతా సరేనండీ, మరి అప్పుడు ఆ ఊళ్ళో అరవవాళ్ళు రాత్రిపూట డాబా మీద కూచుని ఏం మాట్లాడుకునేవారు?" నాన్న అటు తిరిగి పడుకున్నాడు.

నాన్న కాకినాడ వచ్చిన వారానికి, 1953 అక్టోబరు 8న, తమ సైన్యాలను తీసేసి జోన్ ఎను ఇటలీకి అప్పగిస్తామని అమెరికా, బ్రిటన్ ప్రకటించాయి. నవంబరు మొదట్లో ఆ ఊళ్ళో అల్లర్లు జరిగి, పోలీసు కాల్పుల్లో ఆరుగురు పోయారు. తారీఖులు పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడల్లా నాకు అమ్మ ప్రశ్నే గుర్తొస్తుంది. మీ వ్యాసంలో ఓడలున్నాయి, బ్యాంకులున్నాయి, సుంకాలున్నాయి. ఊరివాళ్ళు లేరు.

ఊళ్ళో ఎక్కువమంది మాట ఇటాలియన్. చుట్టూ కొండమీది పల్లెల్లో మాట స్లొవీన్. వాళ్ళ భాషలో ఊరి పేరు ట్ర్స్ట్. నోరు తిరగలేదు కదూ, ఒక్క అచ్చు కూడా లేదు. మొదటి యుద్ధం తర్వాత ఇటలీ వచ్చింది. 1920 జూలై 13న ఊరి నడిబొడ్డున ఉన్న స్లొవీన్‌ల నారోద్ని దోమ్ అనే భవనాన్ని ఫాసిస్టులు తగలబెట్టారు. తర్వాత వాళ్ళ బడులు మూయించారు, ఇంటిపేర్లు ఇటాలియన్‌లోకి మార్పించారు. వోదోపివెట్స్ అనే ఇంటిపేరుకు నీళ్ళు తాగేవాడని అర్థం. దాన్ని బెవిలాక్వా చేశారు, అర్థం అదే. సార్టర్‌గా చెప్తున్నాను, ఇది చిన్న సంగతి కాదు. ఊరి పేరు మారితే గూడు మారుస్తాం, సరిపోతుంది. మనిషి పేరు మార్చేస్తే వాడికొచ్చే ఉత్తరం బీటు పోస్ట్‌మన్ చేతిలోనే చచ్చిపోతుంది. 1943లో జర్మన్లు వచ్చారు. ఊరి చివర సాన్ సబ్బాలో ఉన్న బియ్యం మిల్లును చంపే కొట్టంగా మార్చి, మనుషుల్ని కాల్చడానికి అందులోనే పొయ్యి కట్టారు. బియ్యం మిల్లుల మధ్య పెరిగినవాణ్ణి, ఆ మాట చదివిన రోజు అన్నం సయించలేదు. 1945 మే 1న యుగోస్లావియా సైన్యం వచ్చి నలభై రోజులుంది. ఆ రోజుల్లో పట్టుకుపోయినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. కొందరి శవాలు సున్నపురాతి కొండల బిలాల్లో దొరికాయి. ఇలా లెక్క తేలని ఊరు మీద గవర్నరు వచ్చి కూచున్నా తెల్లారేసరికి సింగపూర్ అవుతుందా?

డబ్బు లెక్కకే వద్దాం. ఆ రేవుకు ఫ్రీ పోర్టు హోదా 1719లోనే వచ్చింది, ఆస్ట్రియా చక్రవర్తి ఇచ్చాడు. కానీ ఊరు నిజంగా పెరిగింది 1857లో వియన్నా నుంచి రైలు వచ్చాక. వెనకాల ఒక సామ్రాజ్యం ఉండేది, దానికి పెద్ద రేవు ఇదే. సూయజ్ కాలువ తెరిచాక ఇక్కడి లాయిడ్ కంపెనీ ఓడలు బొంబాయి దాకా నడిచాయి. 1931 డిసెంబరులో రౌండ్ టేబుల్ సమావేశం నుంచి గాంధీగారు ఇటలీ మీదుగా తిరిగొచ్చిన పిల్స్నా ఓడ ఆ కంపెనీదే. 1918లో సామ్రాజ్యం పోయింది. రేవు మిగిలింది, వెనకున్న సరుకు పోయింది. 1945 తర్వాత చెకోస్లొవేకియా, హంగరీ రష్యా పక్కకు వెళ్ళిపోయాయి. ఇంకో మాట: సుంకం లేకపోతే చాలు సింగపూర్ అయిపోతుందంటారా, 1954 ఒప్పందంలో ఆ ఫ్రీ పోర్టును ఇటలీ కొనసాగించాలనే రాసుకున్నారు. ఉంది కూడా. అయినా ఆ తర్వాత వేలమంది బతుకుతెరువు కోసం ఆస్ట్రేలియా ఓడ ఎక్కారు.

మీ వ్యాసంలో అసలు లేనిది కోపర్. ఎవరైనా ట్రియెస్తే గురించి రాస్తే నేను ముందు చూసేది ఆ పేరుందా లేదా అని. జోన్ బిలో ఉండే చిన్న ఊరది, ఇటాలియన్‌లో కాపోదిస్త్రియా. ట్రియెస్తేకి ఇరవై కిలోమీటర్లు. ఉప్పుమళ్ళు, చేపలు, ద్రాక్ష తప్ప పెద్ద వ్యాపారం లేదు. ట్రియెస్తే రేవు ఇటలీకి పోవడంతో యుగోస్లావియాలోని స్లొవీన్‌లకు సొంత రేవు కావాల్సొచ్చింది. 1957లో కోపర్‌లో పోర్టు కంపెనీ పెట్టారు. 1967లో రైలు వేశారు. సరిగ్గా ఆ ఏడాదే ట్రియెస్తే నుంచి ఆల్ప్స్ దాటి జర్మనీకి ముడిచమురు పైపులైను మొదలైంది. ఈరోజు మొత్తం టన్నుల్లో చూస్తే ట్రియెస్తేదే పైచేయి, అందులో సింహభాగం ఆ చమురే. కంటెయినర్లలో మాత్రం కోపర్ దాన్ని దాటేసింది, ఇరవై అడుగుల పెట్టెల లెక్కన ఏడాదికి పది లక్షల పైన. ఆస్ట్రియావాళ్ళ సరుకు కూడా చాలా అక్కడ దిగుతుంది. విశాఖ హార్బర్ 1933లో తెరిచాక మా కాకినాడ రేవు ఎలా చిన్నబోయిందో మా తాత చెప్పేవాడు. ఇక్కడైతే మధ్యలో నూట యాభై కిలోమీటర్లున్నాయి. అక్కడ రెండు రేవులూ పక్కపక్కనే. స్వేచ్ఛా ప్రాంతం నిలబడి ఉంటే కోపర్‌లో పోర్టు ఎందుకు కడతారు? ట్రియెస్తే కథలో పెద్ద మలుపు ఆ ఊళ్ళో లేదు, పక్క ఊళ్ళో ఉంది.

ఇక అమ్మ ప్రశ్నకు జవాబు. 1954లో జోన్ బి యుగోస్లావియా చేతిలోనే ఉండిపోయింది. అంతకుముందు నుంచీ, ఆ తర్వాతా కోపర్, ఇజోలా, పిరాన్ ఊళ్ళనుంచి ఇటాలియన్ మాట్లాడేవాళ్ళు సామాన్లు కట్టుకుని ట్రియెస్తే దారి పట్టారు. మంచాలు, బీరువాలు తెచ్చారు. శిబిరాల్లో అవి పెట్టుకోవడానికి చోటు లేక పాత రేవు గోదాముల్లో అప్పజెప్పి చీటీ తీసుకున్నారు. చాలామంది తిరిగి రాలేదు. మా మనవడు ఫోన్లో ఫోటోలు చూపించాడు: కుర్చీలు, ఒకదానిమీద ఒకటి తలకిందులుగా, కప్పు దాకా. కొన్నిటి వెనక పేరు రాసిన కాగితం ఇంకా అతుక్కునే ఉంది. డెలివరీ కాని పార్సిళ్ళు నేను బోలెడు చూశాను. అన్ని కుర్చీలు ఎప్పుడూ చూడలేదు.

నన్ను ఊహించమంటే ఇలా ఊహిస్తాను. 1948 వేసవిలో ఎవరో స్విస్ పెద్దమనిషి గవర్నరుగా దిగాడు. ఊరు గొప్పగా ఏమీ బతకలేదు. దొంగ సిగరెట్లు, కాఫీ గింజలు, ప్రతి బోర్డు మీద ఏ భాష పైన రాయాలని తగువు, అసెంబ్లీలో కుర్చీలు విసురుకోవడం. రోమ్‌కీ బెల్‌గ్రేడ్‌కీ ఇద్దరికీ కోపమే. 1991లో యుగోస్లావియా విడిపోయినప్పుడు ఇంకో గండం. నిజ చరిత్రలో అప్పుడు జోన్ బి స్లొవేనియా, క్రొయేషియాల మధ్య రెండు ముక్కలైంది, పిరాన్ దగ్గర సముద్రం ఎవరిదని ఆ రెండిటికీ ఇప్పటికీ పేచీ. నా ఊహలో కోపర్‌లో క్రేన్లుండవు. ఆ కుర్చీలు మాత్రం కోపర్ ఇళ్ళల్లోనే ఉంటాయి, మనవలు వాటిని విరగ్గొట్టి ఉంటారు.

ఆ లెక్కన నాకో నష్టం కూడా ఉంది. ట్రియెస్తే పక్కన మిరామారేలో 1964లో పాకిస్తాన్ శాస్త్రవేత్త అబ్దుస్ సలాం అంతర్జాతీయ భౌతికశాస్త్ర కేంద్రం పెట్టారు. దాన్ని ఆ ఊరికే రప్పించడానికి పట్టుబట్టిన పావ్లో బుదినిచ్ పుట్టింది లోషిన్ దీవిలో. యుద్ధం తర్వాత ఆ దీవి యుగోస్లావియాకు పోయింది. సరిహద్దు మీద పడి ఉన్న ఊరిని ఏదో ఒకటి చేసి లోకంతో కలపాలని ఆయన తపన. 1980ల్లో మా వీధిలోని ఫిజిక్స్ మాస్టారు ఒకాయన అక్కడ మూడు నెలలున్నారు. బోరా అనే గాలి లేస్తే మనుషులు పట్టుకుని నడవడానికి వీధుల్లో తాళ్ళు కడతారని, తాడు వదిలితే టోపీ కాదు మనిషే పోతాడని చెప్పి మమ్మల్ని నవ్వించారు. తిరిగొస్తూ పాత సామాన్ల కొట్లో కొని తెచ్చిచ్చిన కవరులోవే నా పేజీలోని స్టాంపులు. ఆ ఊరు గొడవ లేకుండా దేశమైపోయి ఉంటే బుదినిచ్‌గారికి ఆ తపన ఉండేదో లేదో, ఈ మొక్క నాటే చేతులు నాకు దొరికేవో లేదో.

చివరగా ఒక చిన్న దిద్దుబాటు. ట్రియెస్తేలో జెండా మారిన 1954 అక్టోబరు 26తో కథ ముగిసిందని మీ రచయిత రాశారు. ముగియలేదు. ఆ లండన్ కాగితం తాత్కాలిక ఏర్పాటే. పక్కా సంధి ఇటలీలోని ఓసిమోలో 1975 నవంబరు 10న జరిగింది. ఈ ఆలస్యం మా కాకినాడవాళ్ళకు వింతేం కాదు. పక్కనున్న యానాంలో ఫ్రెంచి జెండా దిగింది అదే 1954, జూన్ 13. అప్పగింత సంధి 1956లో. చట్టప్రకారం మన దేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న. చిన్నప్పుడు మా పెద్దమ్మ ఇంటికి యానాం వెళ్తే, ఏ దేశంలో ఉన్నామే అని అడిగేవాణ్ణి. "అన్నం తిను" అనేది.

ఉత్తరం పెద్దదైంది, కత్తిరించుకోండి. కోపర్ పేరా, కుర్చీల పేరా మాత్రం ఉంచండి. ఇంకొకటి, నా పేజీలో ఒక గడి ఖాళీగా ఉంది. 1945 మే నెలలో ఆ నలభై రోజుల ప్రభుత్వం గుర్తుగా ఇటలీ స్టాంపుల మీద తారీఖు వేసి, ట్రియెస్తే, ట్ర్స్ట్ అని రెండు భాషల్లోనూ పేరు కొట్టిన రకం ఒకటుంది. మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా అలాంటిది ఇంకొకటి అదనంగా ఉంటే పత్రిక ద్వారా తెలియజేయగలరు. బదులుగా ఫ్రెంచి ఇండియా స్టాంపులు ఇవ్వగలను, యానాం ముద్ర చదవగలిగేలా ఉన్నవి.

ఇట్లు,
రిటైర్డ్ ఆర్.ఎం.ఎస్. సార్టర్, కాకినాడ